మా ముందుగది కంప్యూటర్‌కి రెండు కాపలాలు

విజయనగరంలో మేముంటున్న ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన ఒక కంప్యూటర్ ఉంది. కొన్నది మా ఆయన. ఆయన రాజాంలో ఒక బియ్యం మిల్లులో లెక్కలు చూస్తారు. రోజూ బస్సులో పడి వెళ్లే బదులు కొన్ని రోజులైనా ఇంట్లో కూర్చుని పని చేసుకోవచ్చని ఆశపడ్డారు. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడానికి నాకూ పనికొస్తుందని సంబరపడ్డాను. కానీ కొన్నాళ్లు తిరక్కుండానే ఆ కంప్యూటర్ మా అత్తగారి సొంతమైపోయింది.

మా అత్తగారు ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. కొత్త వస్తువేదైనా ఇంట్లోకి వస్తే దాని సంగతి తేల్చుకునేదాకా ఊరుకోరు. మిక్సీ వచ్చినప్పుడూ అంతే, స్మార్ట్‌ఫోన్ వచ్చినప్పుడూ అంతే. కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకుని, కళ్లజోడు ముక్కు మీదకి దించుకుని, ఒక్క వేలితో తెలుగు టైపు చేయడం నేర్చుకున్నారు. ఆమెకి దానితో పెద్ద పనే ఉంది. శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఆమె చిన్నప్పుడు వాళ్లమ్మా, మిగతా ఆడవాళ్లూ ఊడ్పుల్లో, కోతల్లో పాడుకున్న భక్తిపాటలు కొన్ని ఉన్నాయి. చర్చిలో వాడే పాటల పుస్తకంలో అవి లేవు. ఆమె తరం వాళ్లకి నోటికి వచ్చినంతే మిగిలాయి. మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు కోతల పండుగకి వాటిని చిన్న పుస్తకంగా వేద్దామన్నారు. ఆ పాటలన్నీ ఎక్కించే పని అత్తగారు మీద వేసుకున్నారు. సాయంత్రం టీ తాగి కూర్చుంటే, పాట పాడుకుంటూ ఆగి, ఒక్కో అక్షరమే కొట్టుకుంటూ, వంటయ్యేదాకా లేచేవారు కాదు.

ఒక ఆదివారం మా తమ్ముడు భోజనానికి వచ్చాడు. వాడికి రాజాంలో సెల్‌ఫోన్ల షాపుంది. ఫోన్లు బాగుచేస్తాడు కాబట్టి కంప్యూటర్లు కూడా తనకి తెలుసని వాడి నమ్మకం. చెయ్యి కడుక్కుని వస్తూ కంప్యూటర్ వైపు ఒకసారి తొంగిచూశాడు.

"అక్కా, ఇందులో యాంటీవైరస్ గడువైపోనాది. సూడు, కింద ఎర్రగా సూపిస్తన్నాది" అన్నాడు.

నిజమే. కొన్నప్పుడు ఉచితంగా వేసిచ్చిన యాంటీవైరస్ అది. రోజూ ఏదో అడిగేది, మేం రోజూ మూసేసేవాళ్లం.

మా ఆయన కంచం ముందు కూర్చునే జవాబిచ్చారు. "ఫైర్‌వాల్ ఉన్నాదిరా. ఆన్‌లో ఉన్నాది, నేను సూసుకున్నాను. బయటోడెవడూ లోపలికి రాలేడు. మళ్లీ ఇదెందుకు?"

"బావా, అది వేరు, ఇది వేరు."

"ఏటి వేరు?"

మా తమ్ముడు తడిచెయ్యి తుడుచుకున్నాడు. "అదే, వేరు" అన్నాడు.

"వేరైతే వేరులే. పులుసు సల్లారిపోతన్నాది, ముందు తినండి" అన్నారు అత్తగారు. ఆ చర్చ అక్కడితో ఆగిపోయింది.

కోతల పండుగ దగ్గరపడుతుండగా స్త్రీల సమాజం వాళ్లు పాటల పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి ఒక ప్రింటింగ్ షాపులో నమూనా పేజీలు తీయించారు. అత్తగారు పాటలన్నీ ఆ పెన్‌డ్రైవ్‌లోనే దాచుకునేవారు. హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చని ఆమె ధీమా. కంప్యూటర్లో మరో కాపీ పెట్టుకోవాలన్న ఊహ మాలో ఎవరికీ రాలేదు. పెన్‌డ్రైవ్ తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం, తప్పులు దిద్దుదామని ఆమె దాన్ని కంప్యూటర్‌కి పెట్టారు.

నేను స్కూలు నుంచి వచ్చేసరికి అత్తగారు చేతులు ఒళ్లో పెట్టుకుని స్క్రీన్‌నే చూస్తున్నారు.

"ఏటైనాది అత్తా?"

"పాటలన్నీ పోనాయే" అన్నారు. ఆమె గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

దగ్గరికెళ్లి చూశాను. పాటల పేర్లు కనిపిస్తున్నాయి గానీ ప్రతిదాని పక్కనా చిన్న బాణం గుర్తు ఉంది. దేన్ని నొక్కినా ఒక నల్లటి పెట్టె రెప్పపాటులో తెరుచుకుని మూసుకుపోతోంది. ఆమె అప్పటికే అన్నిటినీ ఒకటికి నాలుగుసార్లు నొక్కి చూశారట. నేనూ నొక్కాను. పాట రాలేదు.

ఆ సాయంత్రం మా ఆయన బస్సు దిగి వచ్చారు. బూట్లు విప్పకుండానే కంప్యూటర్ ముందు కూర్చుని ముందు ఫైర్‌వాల్ చూశారు. దాని పక్కన ఆకుపచ్చ టిక్కు నిక్షేపంగా ఉంది.

"ఆన్‌లోనే ఉన్నాదే. మరెలగొచ్చినాది?" అన్నారు. తప్పు కంప్యూటర్‌దో, పెన్‌డ్రైవ్‌దో తేల్చుకోవాలని తన బ్యాగులోంచి మిల్లు పెన్‌డ్రైవ్ తీసి పెట్టారు. ఒక్క క్షణంలో మిల్లు లెక్కలకి కూడా అవే బాణాలు మొలిచాయి. ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. అంత దిగులులోనూ అత్తగారు నా వైపు చూసి, "ఇప్పుడు తోడు దొరికినాది" అన్నారు.

మా మేడ మీద వాటాలోకి అప్పటికి కొత్తగా ఒక లెక్చరరమ్మ అద్దెకొచ్చారు. ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లే చెబుతారు. ఇంటర్నెట్ వేరేగా పెట్టించుకునేదాకా మా వైఫైనే వాడుకోమని చెప్పాం. అంతవరకూ మెట్ల మీద నవ్వుకోవడమే తప్ప పెద్దగా మాట్లాడుకోలేదు. పైకెళ్లి సంగతి చెప్పాను. ఆమె పొయ్యి కట్టేసి వెంటనే కిందికొచ్చారు. వచ్చీ రాగానే కంప్యూటర్ ముట్టుకోలేదు. "మామ్మగారూ, ఈ పెన్‌డ్రైవ్ ఇంతకు ముందు ఎక్కడెక్కడ పెట్టారు?" అని అడిగారు.

అత్తగారికి ఆ ప్రశ్న ఎంత నచ్చిందో ఆమె మొహంలోనే తెలిసింది. ప్రింటింగ్ షాపు సంగతి పూసగుచ్చినట్టు చెప్పారు.

"అక్కడ రోజంతా ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు పెడుతుంటారు. వైరస్ అక్కడే ఎక్కి ఉంటుంది" అన్నారు లెక్చరరమ్మ.

మా ఆయనకి మాత్రం ఒకటే సందేహం. "మరి ఫైర్‌వాల్ ఏటి సేస్తన్నాదండీ?"

"దాని పని అది చేస్తోందండీ. ఫైర్‌వాల్ చూసేది నెట్‌వర్క్ దారిని. బయట నుంచి ఏ కంప్యూటర్ మీ కంప్యూటర్‌తో మాట్లాడబోతోంది, మీ దాంట్లోంచి ఏ ప్రోగ్రాం బయటికెళ్తోంది, వాటిలో దేన్ని వదలాలి, దేన్ని ఆపాలి, అంతే. ఈ వైరస్ నెట్‌లోంచి రాలేదు. మామ్మగారు చేత్తో తెచ్చి పెట్టారు. వచ్చినట్టు కూడా ఫైర్‌వాల్‌కి తెలీదు."

"అయితే తెలిసేది దేనికి?"

"యాంటీవైరస్‌కి. అది ఫైల్ లోపల ఏముందో చూస్తుంది. ఏ ప్రోగ్రాం తేడాగా నడుస్తోందో చూస్తుంది. చెడ్డదైతే పట్టుకుని పక్కన పెడుతుంది. కాకపోతే కొత్త వైరస్‌లు వస్తూనే ఉంటాయి కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తుండాలి. మీదేమో గడువైపోయి మూలకూర్చుంది."

అత్తగారు కొడుకు వైపు చూశారు. "ఆ బాబు ఆవేళే సెప్పినాడు గదా, అది వేరు ఇది వేరని" అన్నారు.

లెక్చరరమ్మ ఆ గడువైపోయిన యాంటీవైరస్‌ని తీసేసి, కంప్యూటర్‌తోపాటే వచ్చే యాంటీవైరస్‌ని ఆన్ చేసి, అప్‌డేట్ చేసి, మొత్తం వెతకమని వదిలారు. అది వెతుకుతున్నంతసేపూ మేం టీలు తాగుతూ స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాం. కంప్యూటర్లోనూ, రెండు పెన్‌డ్రైవ్‌ల్లోనూ నక్కిన వైరస్‌ని అది పట్టుకుంది. కానీ అది తీసేశాక పెన్‌డ్రైవ్‌లు ఖాళీగా కనిపించాయి. అత్తగారు గ్లాసు కింద పెట్టేశారు.

"కంగారు పడకండి. ఈ రకం వైరస్ ఫైళ్లని చెరపదు, దాచేస్తుంది" అని లెక్చరరమ్మ ఏదో ఒక ఆదేశం టైపు చేశారు. ముందు మిల్లు లెక్కలు వచ్చాయి. తర్వాత పాటలన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి.

అత్తగారు అప్పటికీ నమ్మలేదు. ఒక్కో పాటా తెరిపించి, మొదటి చరణం పాడి, సరిగ్గా ఉందో లేదో చూసుకుని, అప్పుడు మూయనిచ్చారు. ఒక పాట దగ్గర లెక్చరరమ్మ కూడా గొంతు కలిపారు. వాళ్లదీ శ్రీకాకుళం వైపేనట. చర్చికి వెళ్లే కుటుంబం కాదు గానీ, పొలంలో పక్క మడివాళ్లు పాడుతుంటే విని వాళ్ల నాయనమ్మ కూడా అదే పాట పాడేదట. ఆ సాయంత్రం ఆమె పైకి వెళ్లలేదు, మాతోనే భోంచేశారు. పాటలకి కంప్యూటర్లో ఒక కాపీ, ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టించి మరీ వెళ్లారు.

తర్వాత వచ్చిన ఆదివారం మా తమ్ముడు ఈ కథంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేను సెప్పలేదేటి బావా? అసలైంది యాంటీవైరస్సే."

మా ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోక దారి లేదు. ఆ గెలుపు ఊపులో వాడు ఇంకో పని చేశాడు. వాడి షాపుకి కరపత్రాలు కావాలి. లాప్‌టాప్ తెచ్చుకున్నాడు. మా ప్రింటర్ కంప్యూటర్‌కి తగిలించి ఉంటుంది. వైఫై మీదుగా తన లాప్‌టాప్ నుంచి ప్రింట్ ఇద్దామని చూస్తే వెళ్లడం లేదు. కాసేపు కుస్తీపట్టి, ఫైర్‌వాల్ అడ్డు పడుతోందని కనిపెట్టాడు.

"దీన్ని తీసీసినాను బావా. యాంటీవైరస్ ఉన్నాది గదా, ఇంకేటి భయం?" అంటూ ప్రింటర్‌నీ, అత్తగారి పాటలున్న ఫోల్డర్‌నీ పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరిచిపెట్టాడు. కరపత్రాలు వచ్చాయి. వాటిని సంచిలో వేసుకుని, రాజాం బస్సుకి టైమైందని వెళ్లిపోయాడు. తీసినదాన్ని మళ్లీ పెట్టాలన్న సంగతి వాడికీ గుర్తులేదు, మాకూ తట్టలేదు.

కొన్నాళ్ల తర్వాత, ఒక సెలవురోజు పొద్దున్న నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. ముందుగదిలో అత్తగారు పుస్తకానికి ముందుమాట టైపు చేస్తున్నారు. ఉన్నట్టుండి ప్రింటర్ చప్పుడు మొదలైంది.

"ఒలే అమ్మీ, ఇలగ రా" అని పిలిచారు. "నానేటీ నొక్కలేదు. కాయితాలొచ్చేస్తన్నాయి."

వెళ్లేసరికి ఆమె ఒక కాగితం కళ్లజోడు దగ్గరికి పట్టుకుని చదువుతున్నారు. "ఎనీ ఫైవ్ ఆన్సర్ సెయ్యాలంట. నాకు పరీచ్చ ఎవులు పెట్టినారే?"

మా ఆయన కూడా వచ్చారు. మళ్లీ వైరసే వచ్చిందనుకుని యాంటీవైరస్ తెరిచి వెతకమన్నారు. అది వెతికి, ఏ ముప్పూ లేదని పచ్చగా చూపించింది. అది అలా చూపిస్తుండగానే ప్రింటర్ అదే ప్రశ్నపత్రం రెండో కాపీ తీసింది, మూడోది మొదలుపెట్టింది. ఆయన స్విచ్చి ఆపేశారు.

కాగితం మీద కాలేజీ పేరు చూస్తే సంగతి సగం అర్థమైంది. కట్ట పట్టుకుని మేడ మీదికి పరిగెత్తాను. లెక్చరరమ్మ కొత్త ప్రింటర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని వైరు పీకి మళ్లీ పెడుతున్నారు. "చూడండి, కొని వారం కాలేదు, ఎన్నిసార్లు ప్రింట్ కొట్టినా ఒక్క కాగితం..." అంటూ తల తిప్పి నా చేతిలో కట్ట చూశారు. ఆమె మొహంలో రంగు మారిపోయింది. అది రాబోయే పరీక్ష ప్రశ్నపత్రం. ఇంకా ఎవరూ చూడకూడనిది.

"ఎవరెవరు చూశారు?" అన్నారు మెల్లగా.

"మా అత్తగారు చదివారు. మీకు పర్వాలేదంటే జవాబులు కూడా రాసేలా ఉన్నారు" అన్నాను. అప్పటికి ఆమెకి నవ్వొచ్చింది. ఒకసారి మొదలయ్యాక ఆపుకోలేక గోడకి చేరగిలబడి నవ్వారు.

కిందికొచ్చి చూస్తే విషయం తేలింది. ఆమె ప్రింటరూ మాదీ ఒకే కంపెనీ, ఒకే రకం. మా కంప్యూటర్ తలుపులన్నీ బార్లా తెరిచి ఉండటంతో, ఒకే వైఫైలో ఉన్న ఆమె లాప్‌టాప్‌కి మా ప్రింటర్ కూడా కనిపించింది. రెండు పేర్లూ ఒకలాగే ఉంటే ఆమె మాది నొక్కారు.

"ఫైర్‌వాల్ ఎవరు తీసేశారండీ?" అని అడిగారు.

"మా బామ్మర్ది" అన్నారు మా ఆయన. ఆ మాట ఆయన ఎంత హాయిగా అన్నారో చెప్పలేను.

వెంటనే వాడికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టారు. సంగతంతా విని వాడు, "మరి యాంటీవైరస్ ఏటీ అన్లేదేటి బావా?" అన్నాడు.

"అంటాదేటిరా? ప్రశ్నపత్రం వైరసేటి?"

లెక్చరరమ్మ ఫోన్ దగ్గరికి వంగి చెప్పారు. "అదేనండీ అసలు తేడా. వచ్చిన కాగితంలో చెడ్డదేమీ లేదు, కాబట్టి యాంటీవైరస్‌కి దానితో పనిలేదు. వేరే కంప్యూటర్ మీ దాంట్లోకి రావచ్చా, రాకూడదా అన్నది చూడాల్సింది ఫైర్‌వాల్. ఇంటర్నెట్ నుంచి నేరుగా వచ్చేవాళ్లని మీ వైఫై పెట్టె చాలావరకూ ఆపుతుంది గానీ, అదే వైఫై వాడుకునే నాలాంటి వాళ్లని ఆపేది కంప్యూటర్లో ఉన్న ఫైర్‌వాలే. ఈవేళ నేను కాబట్టి సరిపోయింది. మీరు తెరిచిపెట్టిన ఫోల్డర్ కూడా నాకు పైనుంచి కనిపిస్తోంది."

"అయితే నా పాటలన్నీ పైనుంచే సూసీసినావేటి?" అన్నారు అత్తగారు.

"లేదు మామ్మగారూ, ఇప్పుడే తెలిసింది."

"సూస్తే సూసినావులే. తప్పులుంటే సెప్పు."

ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ అయింది. ఫోల్డర్ మూతపడింది. ప్రింటర్‌కి పాస్‌వర్డ్ వచ్చింది. లెక్చరరమ్మ తను వాడుకోవడానికి మా వైఫైలోనే అతిథుల కోసం వేరే దారి ఒకటి ఉంటుందని చూపించి, అందులోకి మారిపోయారు. మా మీద నమ్మకం లేక కాదంటూనే, ఆ రోజే కూర్చుని వేరే ప్రశ్నపత్రం తయారుచేసుకున్నారు. పాపం సెలవంతా దానికే సరిపోయింది. అత్తగారు బెండకాయ వేపుడూ, పప్పూ గిన్నెల్లో పెట్టి పైకి పంపిస్తూ నన్ను ఒక మాట చెప్పి రమ్మన్నారు. ఆ పాత పేపర్లో మొదటి ప్రశ్న తనకి రెండుసార్లు చదివినా బోధపడలేదట, పిల్లలకి కాస్త విడమరిచి అడగమన్నారు. లెక్చరరమ్మ ఆ ప్రశ్న మళ్లీ చదువుకుని, నిజమేనన్నారు.

కోతల పండుగనాడు చర్చిలో కొత్త వడ్ల కంకులు, గుమ్మడికాయలు, చెరకుగడలు వరసగా పేర్చారు. పాటల పుస్తకం అందరి చేతుల్లోనూ ఉంది. ముసలివాళ్లు పుస్తకం మూసే పాడారు, చిన్నవాళ్లు చూసి పాడారు. మా లెక్చరరమ్మ కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. వాళ్ల నాయనమ్మ పాట వచ్చినప్పుడు ఫోన్లో రికార్డు చేసుకుని ఇంటికి పంపారు.

పండుగ అయ్యాక ఒక ఆదివారం అత్తగారిని తీసుకుని అరసవల్లిలో ఉన్న వాళ్ల చెల్లెలి ఇంటికి వెళ్లాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కచెల్లెళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే, వచ్చీ రాగానే అత్తగారు నాచేత ఫైర్‌వాల్, యాంటీవైరస్ రెండూ సరిచూయించిన ఆ ఇంటి కంప్యూటర్ ఒక్కసారిగా సైరన్‌లా కూయడం మొదలుపెట్టింది. తెర నిండా ఎర్రటి అక్షరాలు. మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని ఉంది. మా పిన్నత్తగారు భయపడి అప్పటికే ఫోన్ కలిపేశారు. అత్తగారు ఆ ఫోన్ తన చేతిలోకి తీసుకున్నారు.

"ఏ వైరస్సు బాబూ?" అని అడిగారు.

చాలా ప్రమాదమైన వైరస్ అన్నాడు అవతలివాడు.

"అది సరే, పేరు సెప్పు. నానూ ఆసుపత్రిలో సేసినదాన్నే. పేరు తెల్కుండా మందెలగ ఇస్తావు?"

వాడు పేరు చెప్పలేదు. తను చెప్పిన ప్రోగ్రాం ఒకటి ఎక్కించుకుని, తెర మీద వచ్చే నంబరు చదివితే అంతా తనే చూసుకుంటానన్నాడు. అత్తగారు ఓపిగ్గా విన్నారు.

"సూడు నాయనా, ఈ ఇంట్లో ఫైర్‌వాల్ ఉన్నాది, యాంటీవైరస్సూ ఉన్నాది. ఆ రెండూ ఊరుకున్నాయి. నువ్వొక్కడివే గోల పెడతన్నావు. నువ్వు సెప్పింది ఎక్కించుకుంటే నిన్ను నాను సేతులారా లోపలికి పిలిసినట్టే గదా. అప్పుడు ఆ రెండూ మాత్రం ఏటి సేస్తాయి?"

అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. నేను ఆ ఎర్రటి పేజీని మూసేశాను. సైరన్ ఆగింది. యాంటీవైరస్‌తో వెతికించి చూస్తే ఏమీ లేదు. అది వైరస్ కాదు, ఏదో వెబ్‌సైటులో ఎగిరొచ్చిన ప్రకటన.

పిన్నత్తగారు ఇంకా గుండె మీద చెయ్యి తీయలేదు. "ఆడు మళ్లీ సేస్తే ఏటి సెప్పమంటావే అక్కా?"

"నాకు సెయ్యమను" అన్నారు అత్తగారు చెప్పులు వేసుకుంటూ.

ఆదివారం కావడంతో సూర్యదేవుడి గుడికి వచ్చే జనంతో ఆటోలన్నీ నిండిపోయి ఉన్నాయి. మేం మాట్లాడుకుంటూ మెయిన్ రోడ్డుదాకా నడిచి వెళ్లి, అక్కడ విజయనగరం బస్సెక్కాం.